తాతగారి టోపీ

ఈసారి మన సంఘం వార్షికోత్సవంలో పాత వస్తువుల ప్రదర్శన ఒకటి పెట్టాలని పెద్దలు నిశ్చయించారు. వచ్చిన వస్తువులను పరిశీలించి చీటీలు వ్రాసే పని నా నెత్తిన పడింది. ముప్పై యేళ్ళుగా పాత సైనికుల టోపీలు కూడబెడుతున్న మనిషిని కాబట్టి, "నీకు పాత సామానంటే పిచ్చి గదా, నీవే చూడు" అన్నారు. మరచెంబులు వచ్చాయి, కుంకుమభరిణెలు వచ్చాయి, తాటాకు పుస్తకాలు వచ్చాయి. వాటితో చిక్కు లేదు. చిక్కంతా హలసూరు నుండి మా బావ తెచ్చిన ఒక టోపీతో వచ్చింది.

మడిస్తే పడవ లాగ కనిపించే ఖాకీ టోపీ అది. అంచులు చిమ్మెటలు కొట్టాయి. ముందు వైపు రెండు చిన్న ఇత్తడి గుండీలు ఉన్నాయి. ఎడమ ప్రక్క బిళ్ళ ఊడిపోయిన చోట రెండు చిల్లులు. బావ దానిని పట్టుగుడ్డలో చుట్టి, దేవుడి పటం తెచ్చినంత భద్రంగా తెచ్చాడు.

"చీటీ కూడా నేనే వ్రాసి తెచ్చానోయ్. నీవు అంటించు, చాలు" అన్నాడు.

చీటీ మీద ఇలా ఉన్నది: "1806లో వేలూరు కోటలో తిరగబడిన మా పూర్వికుని టోపీ."

నాకు నోట మాట రాలేదు. ఆ టోపీ 1806 నాటిది కాదని చూడగానే తెలిసింది. కాని బావ డెబ్బై యేళ్ళ మనిషి. పుట్టి బుద్ధెరిగిన నాటి నుండి ఆ కథ వింటూ పెరిగాడు. నలుగురి యెదుట కాదనడం ఎలాగ? తెలిసి తెలిసి ఆ చీటీ అంటించడం మాత్రం ఎలాగ?

"నాలుగు రోజులు గడువియ్యి బావా, బాగా చూచి చెబుతాను" అన్నాను. ఆ నాలుగు రోజులలో ఏమి చూచానో వ్రాస్తే, అటకల మీద ఇటువంటి పెట్టెలున్న మన పాఠకులకు పనికివస్తుందని ఈ నాలుగు మాటలు.

మన యిళ్ళలో ఈ టోపీలెందుకున్నాయి?

కంపెనీవారి కొలువులో మొదట చేరిన సిపాయిలలో మన తెలుగువారు చాలామంది. 1756లో క్లైవు మదరాసు నుండి ఓడలలో బెంగాలుకు సైన్యాన్ని తీసికొని వెళ్ళినప్పుడు దక్షిణాది సిపాయిలు కూడా వెంట వెళ్ళారు. అప్పటి నుండి ఉత్తరదేశంలో ఎర్రకోటు తొడిగిన ప్రతి సిపాయికీ, అతడు ఏ దేశపువాడైనా సరే, "తిలంగా" అనే పేరు స్థిరపడింది. 1857 నాటి ఢిల్లీ ఉర్దూ వ్రాతలలో కూడా సిపాయిలను తిలంగాలనే అన్నారు. మన పేరు అంత దూరం నడిచింది.

పటాలం ఎక్కడ దిగితే అక్కడ సంసారాలు దిగాయి. 1809లో ఏర్పడిన బెంగుళూరు దండులో, సికందరాబాదులో, నాగపురం దగ్గరి కాంప్టీలో, గంజాం జిల్లాలో మదరాసు పటాలాల వెంట వెళ్ళిన కుటుంబాలు తరతరాలుగా నిలిచిపోయాయి. పింఛను పుచ్చుకొన్న సుబేదారు తిరిగి ఊరికి పోలేదు, దండు ప్రక్కనే ఇల్లు కట్టుకొన్నాడు. కాబట్టి మా బావ వంశంలో కంపెనీ సిపాయి ఒకడు ఉండి ఉండడం వింత కాదు. ఆ సిపాయి టోపీ ఇదేనా అన్నదే ప్రశ్న.

వేలూరులో ఏమి జరిగింది?

టోపీ మూలంగా మనుషులు చచ్చిన కథ ఇది. కనుక కొంచెం వివరంగా చెప్పాలి.

ఆ రోజులలో మదరాసు సైన్యానికి సర్ జాన్ క్రాడక్ సేనాధిపతి, లార్డు విలియం బెంటింకు గవర్నరు. సిపాయిలంతా ఒకే తీరుగా కనబడాలని కొత్త నిబంధనలు తెచ్చారు. కవాతులో నొసట బొట్టు గాని, విభూతి గాని, నామం గాని ఉండకూడదు. చెవిపోగులు తీసివేయాలి. గడ్డం గీసుకోవాలి, మీసం ఒక కొలతలో ఉండాలి. వీటన్నిటికీ తోడు కొత్త తరహా తలపాగా ఒకటి వచ్చింది. పేరుకు తలపాగాయే గాని చూపుకు దొరల టోపీ లాగ ఉండేది. దాని మీద తోలుతో చేసిన కుచ్చు.

ఇందులో అంత బాధ ఏమిటని ఈనాటివారికి తోచవచ్చు. అప్పటి జనులకు "టోపీవాళ్ళు" అంటే తెల్లవారు. టోపీ పెట్టుకోవడమంటే వారిలో కలిసిపోవడం. ఆ తోలు ఆవుదో పందిదో అనే అనుమానం హిందువునూ ముసల్మానునూ సమానంగా బాధించింది. కొత్త దుస్తులలో తుపాకీ మరలు తిప్పే చిన్న పనిముట్టు ఛాతీ మీద వేలాడేది. అది కూడా సిలువ వలె ఉన్నదని చెప్పుకొన్నారు. ఊళ్ళోకి వెళితే సొంత బంధువులే వెక్కిరించేవారు, పిల్లనివ్వమనేవారు.

1806 మే నెలలో వేలూరులోని ఒక పటాలం కొత్త తలపాగా పెట్టుకోమని నిరాకరించింది. ఇద్దరు హవల్దార్లకు, ఒకరు హిందువు, ఒకరు ముసల్మాను, తొమ్మిదేసి వందల కొరడా దెబ్బలు విధించారు. జూలై 10వ తేదీ తెల్లవారుజామున కోటలోని సిపాయిలు తిరగబడ్డారు. కోట అధికారి కర్నల్ ఫాన్‌కోర్ట్ చనిపోయాడు. వందకు పైగా తెల్ల సోల్జర్లు చనిపోయారు. ఆర్కాటు నుండి గిలెస్పీ గుర్రపు దళంతో వచ్చి అదే రోజున కోటను తిరిగి పట్టుకొన్నాడు. ఆ తరువాత చచ్చిన సిపాయిలు వందల సంఖ్యలో ఉన్నారు. తిరగబడిన పటాలాల పేర్లను సైన్యపు పట్టికలో నుండే కొట్టివేశారు.

మన హైదరాబాదులో కూడా ఆ నెలలోనే అలజడి రేగింది. అక్కడి అధికారి మాంట్రెసర్ మదరాసు ఉత్తరువు కొరకు ఎదురు చూడకుండా తానే ఆ నిబంధనలను ఎత్తివేశాడు. అక్కడ రక్తపాతం తప్పింది. తరువాత మదరాసువారూ ఎత్తివేశారు. 1807లో క్రాడకునూ బెంటింకునూ వెనుకకు పిలిపించారు. ఆ బెంటింకే 1828లో గవర్నరు జనరలుగా తిరిగి వచ్చి, మరుసటి యేడు సహగమనాన్ని నిషేధించాడు. 2006లో భారత తపాలాశాఖవారు వేలూరు తిరుగుబాటు 200 యేళ్ళ గుర్తుగా బిళ్ళ వేశారు.

కాబట్టి బావా, వేలూరు సిపాయి తిరగబడినది టోపీ పెట్టుకొని కాదు, పెట్టుకోనని. అతని వారసులు టోపీని పట్టుగుడ్డలో చుట్టి దాచడం కొంచెం ఆలోచించవలసిన సంగతే.

టోపీని ఎలా చదవాలి?

పాత టోపీని చూడగానే అందరూ బిళ్ళను చూస్తారు. నేను చివర చూస్తాను. ఎందుకంటే బిళ్ళ మారుతుంది, గుడ్డ మారదు. నా పద్ధతి ఇది.

మొదట రంగు. ఖాకీ అనే మాటకు పారశీకంలో ధూళివంటిదని అర్థం. మన దేశపు సైన్యంలో 1840లలో పెషావరు ప్రాంతపు గైడ్సు దళంతో ఆ రంగు మొదలయింది. వేలూరు సిపాయిలు ఎర్రకోటు వాళ్ళు. ఖాకీ టోపీ 1806 నాటిదంటే అది రైలెక్కి కురుక్షేత్రానికి వెళ్ళినట్లే.

రెండు, కుట్టు. లోపలి కుట్టును భూతద్దంతో చూడాలి. చేతి కుట్టులో దూరాలు హెచ్చుతగ్గులుగా ఉంటాయి. మిషను కుట్టులో పైదారం క్రిందిదారం ఒకదానికొకటి ముడిపడి, లెక్క పెట్టినట్లు సమంగా సాగుతాయి. అటువంటి మిషనుకు అమెరికాలో హోవె 1846లో, సింగరు 1851లో పేటెంటు పొందారు. బావ టోపీ అంతా మిషను కుట్టే.

మూడు, దారం. నోట్లు పరీక్షించే నీలలోహిత దీపం ఒకటి చిన్నది దొరుకుతుంది. చీకటి గదిలో ఆ వెలుగు వేస్తే పాత నూలు మందంగా ఉంటుంది. కొత్త దారం తెల్లగా మెరుస్తుంది. బట్టలను తెల్లగా చూపించే రసాయనాలు రెండవ యుద్ధం తరువాతనే వాడుకలో బాగా వ్యాపించాయి. కాబట్టి 1914 నాటిదన్న టోపీలో కుట్టు తళతళ మెరిస్తే ఎవరో ఈమధ్య కుట్టారన్నమాట. బావ టోపీ మెరవలేదు. అది నకిలీ కాదు, పాతదే. ఎంత పాతదన్నదే తేలాలి.

నాలుగు, లోపలి ముద్ర. ఇంగ్లీషు సర్కారువారి సామానుకు కాకికాలు వంటి బాణపు గుర్తు ఉంటుంది. రెండవ యుద్ధకాలంలో మన దేశంలో చేసిన సామాను మీద ఆ బాణంతో పాటు ఇంగ్లీషు "ఐ" అక్షరం వేశారు. కెనడావారిది "సి" అక్షరంలో బాణం. ముద్ర చెరిగిపోయి ఉంటే గుడ్డను తడపకూడదు, రుద్దకూడదు. చీకటిలో టార్చిని ప్రక్క నుండి ఏటవాలుగా వేస్తే చాలావరకు కనబడుతుంది.

ఐదు, కొలత. ఇంగ్లీషు టోపీ కొలత తలచుట్టు అంగుళాలను 3.14తో భాగించగా వచ్చిన అంకెకు దగ్గరగా ఉంటుంది. 22 అంగుళాల తలకు సుమారు 7. ఐరోపా ఖండంలోని ఫ్రెంచి, జర్మనీవారు తలచుట్టును సెంటీమీటర్లలోనే వేస్తారు. మన 7 వారికి సుమారు 56. జర్మను టోపీ అని తెచ్చిన దానిలో 7 అని ఉంటే రెండుసార్లు ఆలోచించాలి.

ఆరు, చెమట. నిజంగా పెట్టుకొన్న టోపీకి నుదుటి వద్ద మరక ఎక్కువ, వెనుక తక్కువ. చుట్టూ ఒకే రంగు మరక ఉంటే అది తలది కాదు, టీ గిన్నెది.

ఇక జీలుగుబెండు టోపీలు. దొరల "సోలా టోపీ"కి సూర్యుడితో సంబంధం లేదు. సోలా అనేది నీటిలో పెరిగే జీలుగు జాతి మొక్క. దాని బెండుతో చేసినది గనుక ఆ పేరు. మన పెళ్ళిళ్ళలో పువ్వులకు వాడే బెండు వంటిదే. ఇంగ్లీషువారే ఆ మాటను పొరబడి "సోలార్" అని వ్రాసుకొన్నారు. సైన్యంలో వాడిన ఉల్స్‌లీ టోపీ లోపల బెరడుకట్టె ఉంటుంది. చేతిలోకి తీసికొంటే బరువులోనే తేడా తెలిసిపోతుంది. పుచ్చకాయ తట్టినట్లు తట్టి చూడకండి, బెండు విరుగుతుంది.

బిళ్ళలూ, అంకెలూ

గుండీల మీద, బిళ్ళల మీద ఉండే కిరీటం మంచి క్యాలెండరు. 1901 నుండి 1952 వరకు రాజుల కాలపు కిరీటం పైన గుమ్మటం వలె గుండ్రంగా లేస్తుంది. ఎలిజబెత్తు రాణి కిరీటం నడుమ క్రిందికి వంగుతుంది. విక్టోరియా రాణిదీ వంగుతుంది గనుక ఆ రెంటినీ కొత్తవారు తరచుగా పొరబడతారు. అయితే మనకొక సులువు ఉన్నది. 1950 జనవరి 26 తరువాత మన సైన్యపు బిళ్ళల మీద కిరీటం పోయి అశోకుని సింహాలు వచ్చాయి. ఎలిజబెత్తు గద్దె ఎక్కినది 1952లో. కాబట్టి ఆమె కిరీటమున్న బిళ్ళ మన సైన్యానిది కానేరదు.

అంకెలది ఇంకొక లెక్క. 1903లో కిచెనర్ దొర సైన్యాన్నంతా ఒకే వరుసలో పెట్టి కొత్త నంబర్లు ఇచ్చాడు. మదరాసు కాల్బలానికి పాత నంబరుకు 60 కలిపారు. 3వ పాళయంకోట దళం 63 అయింది, 13వది 73వ కర్ణాటక్ ఇన్‌ఫంట్రీ అయింది, 23వ వాలాజాబాదు దళం 83 అయింది. బొంబాయివారికి 100 కలిపారు. హైదరాబాదు కంటింజెంటు కాల్బలానికి 94 నుండి 99 వరకు వచ్చాయి. మళ్ళీ 1922లో పటాలాలను గుంపులు చేసినప్పుడు హైదరాబాదువి 19వ హైదరాబాదు రెజిమెంటులో చేరాయి. అదే 1945లో కుమావూన్ రెజిమెంటుగా మారింది.

ఈ లెక్క తెలియక నేను ఒకసారి తలవంచుకొన్నాను. సేకరణ మొదలుపెట్టిన కొత్తలో ఒక వర్తకుడు "1857 నాటి హైదరాబాదు సిపాయి టోపీ" అని చెప్పి ఒక నెల జీతం నా చేత పెట్టించాడు. బిళ్ళ మీద 19 అంకె, హైదరాబాదు పేరు రెండూ ఉన్నాయి గదా అని మురిసిపోయాను. ఆ రెండూ కలిసి ఉండడమే దాని గుట్టు. 1922కు ముందు ఆ పేరు లేదు, 1945 తరువాత లేదు. తెలుగులో "టోపీ వేయడం" అనే మాట ఎందుకు పుట్టిందో ఆనాడు తెలిసింది. ఆ టోపీని పారవేయలేదు. ఇప్పటికీ బీరువాలో మొదటి అరలో ఉన్నది. కొత్తది కొనేటప్పుడు ముందు దానిని చూస్తాను.

ఇంకొక తంత్రం ఉన్నది. టోపీ అసలుదే, బిళ్ళ అసలుదే, కాని ఆ రెంటికీ పూర్వం పరిచయం లేదు. చవక టోపీకి అరుదైన దళం బిళ్ళ తగిలించి పది రెట్లకు అమ్ముతారు. దీనికి మందు సులభం. బిళ్ళను మెల్లగా ఎత్తి క్రింద గుడ్డ చూడాలి. యేళ్ళ తరబడి బిళ్ళ ఉన్న చోట గుడ్డ ఎండ తగలక పాత రంగు నిలుపుకొంటుంది, బిళ్ళ ఆకారం నీడ వలె పడుతుంది. నీడ ఒక ఆకారం, బిళ్ళ ఒక ఆకారం అయితే లేచి నమస్కారం చేసి రావాలి. చిల్లులు ఎక్కువగా ఉన్నా అంతే. నకిలీ బిళ్ళలు చాలావరకు పోత పోసినవి. పోత చల్లారినప్పుడు కుంచించుకొంటుంది గనుక అసలు దానికంటె వెంట్రుక వాసి చిన్నదిగా ఉంటుంది, గీతలు మొద్దుబారి ఉంటాయి.

పాత ఫొటోలు చూచేవారికి ఒక మాట. మదరాసు పటాలాలవారు తలపాగాలు చుట్టిన రోజులలో కూడా మదరాసు సాపర్లు నిలువైన గుండ్రని టోపీ పెట్టేవారు. 1780లో పుట్టిన దళం అది, హలసూరు చెరువు ప్రక్కన ఇప్పటికీ దాని కేంద్రం ఉన్నది. గూర్ఖాల గుండ్రని నల్ల టోపీ స్కాట్లండులోని కిల్మార్నక్ అనే ఊరి పేర వెలసిన టోపీకి వారసు. యానాం పాఠకులకు చెప్పనవసరం లేదు, పుదుచ్చేరి పోలీసుల ఎర్రటోపీ ఫ్రెంచివారి "కెపీ"యే.

ఎక్కడ వెదకాలి?

టోపీ చెప్పిన దానిని కాగితంతో సరిచూడాలి. ఏ యేట ఏ దళం ఏమి ధరించాలో చెప్పే దుస్తుల నిబంధనల పుస్తకాలు సర్కారువారు అచ్చువేశారు. మదరాసు సైన్యం గురించి విల్సన్ ఐదు సంపుటాలు వ్రాశాడు. సాపర్ల చరిత్ర వైబర్ట్ వ్రాశాడు. 1911లో వెలువడిన మక్‌మన్ పుస్తకంలో లవెట్ వేసిన రంగుబొమ్మలలో ఆనాటి దళాల తలపాగాలు మడతలతో సహా ఉన్నాయి. మదరాసు కోటలోని మ్యూజియములో పాత సైనిక దుస్తులు చూడవచ్చు. ఎగ్మూరులో తమిళనాడు దస్తావేజుల భాండారం ఉన్నది. లండనులో బ్రిటిషు లైబ్రరీలో ఇండియా ఆఫీసు కాగితాలు, చెల్సీలో సైనిక మ్యూజియము ఉన్నాయి. ఆఫీసర్ల టోపీలకు కుట్టినవారి చిరునామాయే సాక్ష్యం. హాక్సు కంపెనీ చీటీ మీద "పికడిల్లీ" అని ఉంటే అది పాత దుకాణం, "1, సావిల్ రో" అని ఉంటే 1912 తరువాతిది. రెండు ప్రపంచ యుద్ధాలలో పోయినవారి పేర్లు కామన్‌వెల్తు యుద్ధ సమాధుల కమిషనువారి పట్టికలలో ఉన్నాయి. సైనికుని నంబరు తెలిస్తే వెదకడం తేలిక.

దాచుకొనే తీరు

పాత టోపీని ఉతకవద్దు. ఇత్తడిని తళతళ మెరిసేటట్లు తోమవద్దు. తోమితే వందేళ్ళ వయస్సు పావుగంటలో పోతుంది. కలరా ఉండలు గుడ్డకు తగలకుండా మూటగట్టి మూల పెట్టాలి. లోపల పాత నూలుగుడ్డ ఉండలు కూరితే ఆకారం చెడదు. పూర్వం బొచ్చుటోపీల తయారీలో పాదరసపు లవణాలు వాడేవారు, కాబట్టి ముట్టుకొన్న తరువాత చేతులు కడుక్కోవాలి, పిల్లల నెత్తిన పెట్టి ఫొటోలు తీయకూడదు. నూరేళ్ళు దాటిన వస్తువును 1972 చట్టం ప్రకారం మనబోటివారు విదేశాలకు పంపకూడదు. ఎవరైనా ఎంత ధర చెప్పినా ఈ మాట గుర్తుంచుకోవాలి.

పెద్దత్త మాట

మూడవ రోజు రాత్రి బావ టోపీ లోపల టార్చి వేశాను. బాణం, దాని ప్రక్కన "ఐ", క్రింద 1942. ఇంకొంచెం ప్రక్కకు చేతితో సిరా వ్రాసిన అంకెలు, సైనికుని నంబరు. గుండీల మీద గుమ్మటపు కిరీటం. ఇక సందేహం లేదు. రెండవ యుద్ధకాలంలో మన సైన్యం 25 లక్షలకు పెరిగినప్పుడు వేలకు వేలు కుట్టిన టోపీలలో ఇదొకటి. కొనేవాడికి దీనిలో అపురూపమేమీ లేదు.

నాలుగవ రోజు హలసూరు వెళ్ళాను. బావకు ఎలా చెప్పాలో మాటలు వెదుక్కొంటూ కూర్చున్నాను. లోపలి గదిలో మా పెద్దత్త ఉన్నది. తొంభై దాటాయి, చూపు మందగించింది గాని జ్ఞాపకం చెక్కుచెదరలేదు. నా చేతిలో టోపీ తీసికొని తడిమి చూచింది.

"ఇది మా బావగారిది గదరా" అన్నది.

బావ త్రుళ్ళిపడ్డాడు. "ఎవరమ్మా? తాతలనాటిది కాదూ?"

"మీ పెదనాన్నదిరా. మిలిటరీ లారీ నడిపేవాడు. సెలవు మీద వచ్చినప్పుడు, అక్కడ కొత్తది ఇస్తారులే అని ఇది ఇంట్లో వదిలి వెళ్ళాడట. బర్మా రోడ్డులో లారీ లోయలో పడింది. మనిషి దొరకలేదు. నేను కాపురానికి వచ్చేసరికి పోయి ఆరేళ్ళు. మహాలయ అమావాస్య నాడు మా అత్తగారు ఈ పెట్టె తెరిచి, ఇది ఒళ్ళో పెట్టుకొని కూర్చునేది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆమె పోయిన తరువాత పెట్టె అటకెక్కింది."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమమ్మా?"

"నన్నెవరడిగారురా? మీరు మీరే వేలూరనుకొన్నారు."

ఇద్దరమూ తలలు వంచుకొన్నాము. ముప్పై యేళ్ళ అనుభవంతో నేను గుడ్డ చూచాను, కుట్టు చూచాను, దీపం వేశాను, పుస్తకాలు తిరగవేశాను. ఆ గదిలోకి వెళ్ళి అడగాలని నాలుగు రోజులు నాకు తోచలేదు. అంత చూచినది వృథా కాదు. 1942 అనే అంకె లేకపోతే పెద్దత్త మాటను మేము చాదస్తమని కొట్టిపారవేసి ఉండేవాళ్ళమేమో. కాని టోపీ సంవత్సరం చెప్పింది, ఆమె మనిషిని చెప్పింది.

టోపీలోని నంబరుతో కమిషనువారి పట్టికలో వెదికాము. దొరికింది. రంగూను దగ్గర తౌక్యానులో, సమాధి లేనివారి కొరకు కట్టిన స్మారకంలో ఆయన పేరు ఉన్నది, 1944. ప్రక్కన తండ్రి పేరు, ఊరు కూడా. యేళ్ళ తరబడి ఎవరో పరదేశంలో రాతి మీద ఉంచిన పేరును సొంత యింటివారమే మరచిపోయాము. బావ ఆ కాగితాన్ని తల్లికి చదివి వినిపించాడు. ఆమె రెండుసార్లు చదివించుకొన్నది.

ప్రదర్శన నాడు చీటీ బావే మళ్ళీ వ్రాశాడు: "ఖాకీ టోపీ. మన దేశంలో 1942లో తయారయినది. బర్మా యుద్ధంలో 1944లో పోయిన మా పెదనాన్నగారిది. వారి తల్లి దాచినది." వేలూరు కథ మాత్రం విడిచిపెట్టలేదు. ప్రక్కన నిలబడి వచ్చిన పిల్లలకు నోటితో చెప్పాడు. అది అలాగే చెప్పవలసిన కథ, చీటీకి ఎక్కవలసినది కాదు.

పాఠకులారా, మీ యింట్లో ఇటువంటి టోపీ గాని, బిళ్ళ గాని, పటాలపు ఫొటో గాని ఉంటే ఉతకకండి, తోమకండి, అమ్మకండి. వెలుగులో పెట్టి లోపలి వ్రాతలు కాగితం మీదికి ఎక్కించండి. ఆ కాగితం పట్టుకొని ముందుగా ఇంట్లో అందరికంటె పెద్దవారి దగ్గరకు వెళ్ళి కూర్చోండి. పుస్తకాలు రేపైనా ఉంటాయి.